‘రక్తం పల్చబడే గోలీ’: ఈ మాట సరైనదేనా?

దేవరకొండ నుంచి, ప్రశ్న

మా ఊళ్లో పంచడానికి ఒక పేజీ కరపత్రం రాస్తున్నాను. గుండె కవాటం మార్చినవాళ్లు, కాలి సిరలో నెత్తురు గడ్డ కట్టినవాళ్లు రోజూ వేసుకునే వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి మాత్రల గురించి. వాటిని అందరూ ‘రక్తం పల్చబడే గోలీ’ అంటారు కాబట్టి నేనూ అదే రాశాను. చదివిన ఒక పెద్దాయన “ఒంట్ల ఉన్న రక్తమే తక్కువ, దాన్ని గూడ పల్చగ చేస్తే నేనేం గావాలె” అని కాగితం తిరిగిచ్చేశాడు. ఆయన అనుమానంలో న్యాయం ఉందనిపించింది. పాఠ్యపుస్తకాల్లోని ‘రక్తస్కందన నిరోధకం’ రాస్తే మాత్రం ఎవరూ రెండో వాక్యానికి రారు. ఏం రాయమంటారు?

నాగర్‌కర్నూల్ నుంచి, తెలుగు పంతులు

ముందు మీ పెద్దాయన సంగతి. తెలుగులో పల్చనకు ఎదురు చిక్కన. పులుసు, మజ్జిగ, పాలు ఏవైనా పల్చబడ్డాయంటే సారం తగ్గిందనే అర్థం. ‘రక్తం పల్చబడ్డది’ అంటే మన దిక్కున రక్తహీనతే. కాబట్టి ఆయన తప్పుగా అర్థం చేసుకోలేదు, మీరు రాసిందే చదివాడు. ఈ మాట ఇంగ్లీషు ‘బ్లడ్ థిన్నర్’కు ముక్కకు ముక్క పెట్టిన తెలుగు.

ఇక ‘స్కందనం’ కొత్తగా అతికించిన మాటేమీ కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 14వ అధ్యాయంలో నెత్తురు ఆపే నాలుగు పద్ధతులు చెప్పారు: సంధానం, స్కందనం, పాచనం, దహనం. ‘రక్తం స్కందయతే హిమమ్’ అని అక్కడే ఉంది, అంటే చల్లదనం రక్తాన్ని గడ్డ కట్టిస్తుందని. మాట పాతదైనంత మాత్రాన మీ కరపత్రంలో పెట్టమనను. ‘గడ్డ కట్టడం’ చాలు.

మిర్యాలగూడ నుంచి, ల్యాబ్ టెక్నీషియన్

పంతులు గారు పదం సంగతి చెప్పారు, నేను ల్యాబ్ సంగతి చెబుతా. ఈ గోలీలు వేసుకునే మనిషి రక్తం ట్యూబులోకి తీసి చూస్తే మామూలు రక్తంలాగే ఉంటుంది. చిక్కదనం తగ్గదు. తేడా అంతా గడ్డ కట్టడానికి పట్టే టైములోనే. మేం పీటీ-ఐఎన్ఆర్ అని చూసేది దాన్నే. మామూలు మనిషికి 1 దగ్గర్లో ఉంటుంది, వార్ఫరిన్ వేసుకునే చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉండేట్టు డాక్టర్లు డోసు సరిచేస్తుంటారు.

వార్ఫరిన్ పని జరిగేది కాలేయంలో. గడ్డ కట్టించే ప్రొటీన్లలో 2, 7, 9, 10 నంబర్లవి సరిగ్గా తయారు కావాలంటే విటమిన్ కె కావాలి. గోలీ ఆ విటమిన్‌ను మళ్లీ మళ్లీ వాడుకోనివ్వదు. ఆకుకూరల్లో ఉండేది ఆ విటమినే. అందుకే “గోంగూర, తోటకూర మానెయ్యాలా?” అని అడిగేవాళ్లకు, మానొద్దు, ఒకవారం కట్టలకు కట్టలు తిని ఇంకోవారం అసలు ముట్టకుండా ఉండొద్దు, ఎప్పుడూ ఒకే తీరుగా తినండి అని చెబుతారు.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌ను కూడా జనం పల్చబడే గోలీలే అంటారు. అవి వేరే. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తాయి.

అసలు చిక్కు గడ్డ కరగడం దగ్గర. వార్ఫరిన్ వేసుకుంటే కట్టిన గడ్డ కరిగిపోతుందని చాలామంది నమ్మకం. కరగదు. కొత్తది కట్టకుండా, ఉన్నది పెరగకుండా ఆపుతుందంతే. కరిగించే పని ఒళ్లే చూసుకుంటుంది. ప్లాస్మినోజెన్ అనే ప్రొటీను కాలేయంలో తయారై రక్తంలో తిరుగుతూ, గడ్డ కట్టేటప్పుడే, ఆ గడ్డను పట్టి ఉంచే ఫైబ్రిన్ అనే ప్రొటీను పోగుల మధ్య ఇరుక్కుంటుంది. తర్వాత రక్తనాళం లోపలి పొర టీపీఏ అనే ఎంజైమును మెల్లగా వదులుతుంది. దాంతో ప్లాస్మినోజెన్ కాస్తా ప్లాస్మిన్ అవుతుంది, ఆ ప్లాస్మిన్ ఫైబ్రిన్ పోగుల్ని ముక్కలుగా కోస్తుంది. 2021లో కరోనా టైములో ఊరూరా వినబడ్డ డీ-డైమర్ గుర్తుందా? ఆ ముక్కల్లో ఒకటి అదే. అది పెరిగిందంటే ఒంట్లో గడ్డ కట్టడం, కరగడం రెండూ నడుస్తున్నాయని అర్థం. గర్భిణులకూ, ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లకూ కూడా పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క అంకె చూసి టెన్షన్ పడొద్దు.

నాగర్‌కర్నూల్ పంతులు

‘కరగడం’ దగ్గర నాకో అభ్యంతరం. పేరుకున్న నెయ్యి వేడికి కరుగుతుంది, చల్లారితే మళ్లీ పేరుకుంటుంది. మీరు చెప్పేది కోత కదా. ‘విచ్ఛేదనం’ అనాలేమో.

మిర్యాలగూడ ల్యాబ్

నిజమే సార్, మళ్లీ పేరుకునే కరుగుడు కాదు. కానీ పక్షవాతం వచ్చిన మనిషిని ఆటోలో ఎక్కించేవాళ్లకు విచ్ఛేదనం అంటే అందదు. ‘గడ్డ కరిగించే సూది’ అంటే వెంటనే అందుతుంది. ఆ సూది టైముతో ముడిపడింది. మెదడు రక్తనాళం మూసుకుని పక్షవాతం వస్తే, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. అది కూడా స్కాన్‌లో మెదడులో రక్తస్రావం లేదని చూశాకే. టీపీఏనే మందుగా తయారుచేసి ఇస్తారు. అంతకు ముందు నుంచీ గుండెపోటుకు వాడుతున్న స్ట్రెప్టోకైనేజ్ కథ ఇంకా విచిత్రం. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా గడ్డను కరిగిస్తోందని 1933లో అమెరికాలో టిల్లెట్, గార్నర్ కనిపెట్టారు. అది తనంతట తాను కొయ్యదు, మన ప్లాస్మినోజెన్‌నే లేపి పని చేయిస్తుంది.

అచ్చంపేట నుంచి

మా దగ్గర రక్తపెంజెర కరిస్తే ‘నెత్తురు నీళ్లయితది’ అంటారు. అది కూడా పల్చబడటం కాదా అక్కా?

మిర్యాలగూడ ల్యాబ్

అక్కడ జరిగేది దానికి పూర్తిగా ఎదురు అన్నా. రక్తపింజర విషం గడ్డ కట్టించే ప్రొటీన్లలో 10వ దాన్నీ 5వ దాన్నీ ఒక్కసారిగా రెచ్చగొడుతుంది. ఒళ్లంతా సన్న సన్న గడ్డలు కట్టి, ఫైబ్రిన్ పోగులకు ముడిసరుకైన ఫైబ్రినోజెన్ మొత్తం ఖర్చయిపోతుంది. ఆ తర్వాత చిగుళ్ల నుంచి, సూది గుచ్చిన చోటి నుంచి నెత్తురు కారితే ఆపడానికి ఒంట్లో ఏమీ మిగలదు.

దాన్ని తేల్చే పరీక్షకు మిషన్ అక్కర్లేదు. కొత్తది, పొడిగా ఉన్న గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెడతాం. తర్వాత ఒక్కసారి వంచుతాం. గడ్డ కట్టి ట్యూబుకు అంటుకుని ఉంటే సరే. నీళ్లలా జారితే పాము విషానికి విరుగుడు మొదలుపెట్టాల్సిందే. ట్యూబు గాజుదే కావాలి, ఎందుకంటే గాజు తగిలితేనే గడ్డ కట్టే పని మొదలవుతుంది. ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగిందైనా ఫలితం తప్పొస్తుంది. వరికోతల సీజన్‌లో సాగర్ కాలువ కింది పొలాల నుంచి వచ్చేవాళ్లకు కాలి మీద గట్టిగా తాడు కట్టి తీసుకొస్తారు, అది మాత్రం చెయ్యొద్దు.

నాగర్‌కర్నూల్ పంతులు

పాము మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. రక్తపింజరకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన ‘రస్సెల్స్ వైపర్’ పేరులోని రస్సెల్, 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్. 1796లో అచ్చయిన పుస్తకంలో ఆయన ఈ పాముకు స్థానికులు చెప్పిన పేరునే రాసుకున్నాడు: ‘కాటుక రేకుల పొడ’. పొడ అంటే మచ్చ. వీపు మీది నల్లంచు మచ్చల్ని చూసి పెట్టిన పేరు. కట్లపాముల శాస్త్రనామం ‘బంగారస్’ కూడా మన ‘బంగారు’ నుంచి పోయిందే.

మిర్యాలగూడ ల్యాబ్

ఆ పాము విషాన్నే బాగా పల్చన చేసి (ఇక్కడ నిజంగానే పల్చన!) 1934లో మాక్‌ఫార్లేన్, బార్నెట్ లండన్‌లో హిమోఫీలియా (పుట్టుకతోనే నెత్తురు సరిగ్గా గడ్డ కట్టని జబ్బు) రోగుల గాయాల మీద వేసి నెత్తురు ఆపారు. ఇప్పటికీ ఒక ల్యాబ్ పరీక్షలో అదే విషం వాడతారు.

సూర్యాపేట నుంచి

అందరూ ‘గడ్డ’ను వదిలేశారు. మనకు ఉల్లిగడ్డా గడ్డే, చంకలో లేచిందీ గడ్డే, క్యాన్సరూ గడ్డే. స్కాన్ చూసి “మెదడులో గడ్డ ఉంది” అంటే ఇంట్లోవాళ్లు ఏమనుకోవాలి? ఒకటి గంటల్లో చూడాల్సింది, ఇంకొకటి వేరే జబ్బు. పెరిగే దాన్ని ‘కణితి’ అనండి, దీన్ని ప్రతిసారీ ‘నెత్తురు గడ్డ’ అనండి.

దేవరకొండ

ఇలా మార్చాను, చూడండి:

‘ఇది నెత్తురు గడ్డ కట్టనియ్యని గోలీ. దీంతో మీ రక్తం తగ్గదు, పల్చబడదు. కట్టిన గడ్డను ఇది కరిగించదు, పెరగనియ్యదు. డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు. రక్తపరీక్ష తేదీ తప్పొద్దు.’

నాగర్‌కర్నూల్ పంతులు

‘కట్టనియ్యని’ బాగుంది. దాన్ని ‘కట్టనీయని’ అని దిద్దొద్దు, అట్లనే ఉంచండి.

మిర్యాలగూడ ల్యాబ్

ఇంకొక్క వాక్యం కలపండి. పన్ను పీకించుకునే ముందు, ఏ ఆపరేషన్‌కైనా ముందు, నొప్పి గోలీలు కొనే ముందు ఈ గోలీ పేరు చెప్పాలని. పేరు గుర్తుండదంటే ఖాళీ అట్ట జేబులో పెట్టుకుపొమ్మని రాయండి.