ఓడ మల్లయ్య, బోడి మల్లయ్య: గండగైకి సరిపోతుందా?

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అన్న సామెతకు మీలో కొందరు నిన్న ఇచ్చిన ఉదాహరణలన్నీ ఎన్నికలవే. నిజంగా ఏరూ పడవా ఉన్నది ఒకటి చెప్తాను.

ఆస్ట్రేలియాలో సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వెళ్లే దారిలో గండగై అని చిన్న ఊరుంది. మరంబిడ్జీ నదిని బండ్లు దాటే చోటు కాబట్టే పుట్టిన ఊరు. బల్లకట్టు, దానికోసం ఆగే బండ్లవాళ్లు, వాళ్లకోసం సత్రాలు, దుకాణాలు, అన్నీ ఏటి పక్క పల్లంలోనే. అక్కడ వరదొస్తుందని తరతరాలుగా ఆ నేల మీదున్న విరాడ్జురి ఆదివాసులు చెప్పారు, వింటే కదా! 1852 జూన్‌లో రాత్రికి రాత్రే ఏరు ఊరి మీద పడింది. ఉన్నదే 250 మంది, ఎనభై మంది దాకా పోయారు.

ఇళ్ల కప్పుల మీద, చెట్ల కొమ్మల్లో చిక్కుకున్నవాళ్లను దించింది ఆ విరాడ్జురి మనుషులే. వాళ్లలో యారీ అనే అతని దగ్గరున్నది చెట్టు బెరడుతో చేసిన చిన్న దోనె, తనతో పాటు ఇంకొక్కరికి మించి మోయదు, అంటే దుంగలు కొట్టుకొచ్చే ఆ నీళ్లలో మనిషికో ట్రిప్పు. జాకీ జాకీ అనే ఇంకొకడు ఇంకాస్త పెద్ద పడవతో తిరిగాడు. వాళ్ల చలవతో అరవై మందికి పైగా బతికారు.

తర్వాత ఊరు గట్టు మీదికి మారింది, 1867లో ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ వంతెన వచ్చింది, ఇక బల్లకట్టుతో పనేముంది. యారీకీ జాకీ జాకీకీ మెడలో వేసుకునే, పేరు చెక్కిన బిళ్లలిచ్చారు, ఊళ్లో ఎవరినైనా ఆరు పెన్నీలు అడిగే హక్కు కూడా ఇచ్చారంటారు. వాళ్ల విగ్రహం మాత్రం 2017లో. అదే ఊరి దగ్గర సద్దిపెట్టె మీద కూర్చున్న కుక్క విగ్రహం ఉంది, బండ్లవాళ్ల కథల్లోది, దాన్ని 1932లోనే సాక్షాత్తూ ప్రధానమంత్రి వచ్చి ఆవిష్కరించాడు!

– అన్నా, బిళ్ల ఇచ్చారంటున్నావుగా, మరి బోడి మల్లయ్య ఎలా అవుతాడు? సామెతలో దాటాక అసలు గుర్తే పట్టరు.

– నిజమే, పూర్తిగా అతకదు. కానీ మెడలో వేసిన ఆ బిళ్ల మన డవాలు బంట్రోతు బిళ్ల లాంటిదే తమ్ముడూ, ప్రాణం పోసినవాడు ఆరు పెన్నీలకి చెయ్యి చాపాలంటే అది మర్యాదా?

– మా వైపు "ఓడ మల్లన్న" అంటాం. ఇక కుక్క సంగతికైతే వేరే సామెత వెతకాలి అన్నా, ఇది చాలదు.