300 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కి ఏ సౌండ్ కార్డ్ తీసుకోవాలి?

ఈమధ్యే సెన్‌హైజర్ హెచ్‌డీ 600 కొన్నాను. 300 ఓమ్‌లవి కదా (అంటే కరెంటుకు అడ్డు ఎక్కువ, నడపడానికి వోల్టేజ్ ఎక్కువ కావాలి), లాప్‌టాప్ జాక్‌కి పెడితే వాల్యూమ్ 100లో ఉన్నా పాత పాటలు నీరసంగానే వినిపిస్తున్నాయి. అసలు చిరాకు అది కాదు. మౌస్ కదిపితే చాలు, చెవిలో సన్నగా జిర్రుమని రొద. చార్జర్ పీకేస్తే తగ్గుతుంది, పెడితే మళ్లీ మొదలు.

బయట పెట్టుకునే యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కొందామనుకుంటున్నా. కరెంటు కూడా ఆ యూఎస్‌బీ నుంచే తీసుకునేదైతే ఈ రొద వెంటే వస్తుందా? విడిగా అడాప్టర్ ఉన్నదే కొనాలా? ఆపిల్ డాంగిల్ (హెడ్‌ఫోన్ జాక్ ఉన్న చిన్న యూఎస్‌బీ-సి అడాప్టర్) ఇచ్చేది దాదాపు 1 వోల్టే, దీనికి చాలదేమో. నాకు మైకు, 7.1 సరౌండ్ అక్కర్లేదు. చేత్తో తిప్పే వాల్యూమ్ నాబ్ మాత్రం ఉండాలి. బడ్జెట్ 10 వేలు. ఇలాంటి హెడ్‌ఫోన్స్ ఉన్నవాళ్లు ఏం వాడుతున్నారో కాస్త చెప్పండి.