అమ్మ లివర్‌లో గడ్డ: ఒకసారి సూది పెట్టారు, మళ్లీ బయాప్సీ అంటున్నారు

పలమనేరు నుంచి:
అమ్మకు 58 ఏళ్లు. తెల్లారకముందే రెండు ఆవుల పాలు పిండి డెయిరీకి పోసే మనిషి, రెండు నెలల్లో 9 కిలోలు తగ్గింది. సాయంత్రమైతే జ్వరం, రాత్రి దిండు తడిసేంత చెమట. టైఫాయిడ్ అని మూడు వారాలు సెలైన్లు ఎక్కించారు. చివరికి స్కాన్‌లో లివర్‌లో 7 సెంటీమీటర్ల గడ్డ. రక్త పరీక్షల్లో ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌లో తరచుగా పెరిగేది) నార్మల్, ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే పెరిగేది) బాగా ఎక్కువ. సన్న సూదితో తీసిన ఎఫ్ఎన్ఏసీలో 'లింఫోమా అనుమానం' అని, అంటే ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సరేమోనని రాసి వదిలేశారు. తిరుపతి డాక్టరేమో కోర్ బయాప్సీ (కాస్త లావు సూదితో చిన్న ముక్క తీయడం) చేయాలంటున్నారు. గడ్డను కెలికితే పాకిపోతుందని పెద్దమామ ఒకటే గోల. ఊళ్లో ఆర్ఎంపీ డెక్సా అనే స్టెరాయిడ్ మాత్రలిచ్చాడు, జ్వరం దిగుతుందట. ఏం చేయమంటారు?

చంద్రగిరి నుంచి:
తమ్ముడూ, ముందు ఆ డెక్సా సంగతి డాక్టరుకు చెప్పు. స్టెరాయిడ్‌కు లింఫోమా కణాలు కరిగిపోతాయి, తర్వాత ముక్క తీసినా తేలదు. మా నాన్నకు అదే జరిగింది. పది రోజులు స్టెరాయిడ్ వాడాక చేసిన బయాప్సీలో అన్నీ చచ్చిన కణాలే, మళ్లీ చేయాల్సి వచ్చింది. చేసేది పెద్ద పనేం కాదు. మత్తు సూది వేసి, స్కాన్‌లో చూస్తూ ఊపిరి బిగబట్టమన్నారు. స్టేప్లర్ కొట్టినట్టు టక్‌మని చప్పుడు, అంతే. తర్వాత రెండు గంటలు కుడివైపు తిరిగి పడుకోబెట్టి, సాయంత్రం దాకా బీపీ చూస్తూనే ఉన్నారు. కుడి భుజం కాస్త లాగింది. రాత్రికి సంగటి కావాలన్నాడు.

ల్యాబ్‌లో పనిచేసేవాణ్ని:
సన్న సూదికి విడి కణాలే వస్తాయి, కోర్‌లో ముక్క వస్తుంది. ఆ ముక్క మీదే సీడీ20, సీడీ3, సీడీ10 (కణాల మీది గుర్తులు), కేఐ-67 (కణాలు ఎంత జోరుగా పెరుగుతున్నాయో చూపేది) వంటి పరీక్షలు చేసి ఏ రకమో చెబుతారు. లింఫోమాల్లో డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్, బర్కిట్ అనే రకాలు రెండూ జోరుగా పెరిగేవే, కానీ మందులు వేరు. కేఐ-67 90 శాతం అని చూసి టెన్షన్ పడకండి, జోరుగా పెరిగేవాటికి కీమో బాగా పనిచేయొచ్చు. పాకడం గురించి మామగారికి చెప్పండి: దీనికి వైద్యం రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగే మందే, ఒక్క గడ్డకే కాదు. వెల్లూరు వెళ్లే ఆలోచన ఉంటే బ్లాక్ (మైనంలో దాచిన ఆ ముక్క), స్లైడ్లు అడిగి తీసుకోండి. బీ సెల్ లింఫోమాకు వాడే రిటుక్సిమాబ్ మందు ఇచ్చేముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి.

పలమనేరు నుంచి:
అన్నలూ, మామకు ఫోన్లో ఇదంతా చదివి వినిపించా, తగ్గాడు. అమ్మ గుండెకు ఆస్పిరిన్ వాడుతోందని చెబితే, అది ఆపి వచ్చే బుధవారం రమ్మన్నారు. డెక్సా రెండు మాత్రలు అప్పటికే మింగేసింది. అదీ చెప్పాను.