చైనా నుంచి వచ్చిన ఎదురింటావిడకి ఇంగ్లీషు నేర్పుతున్నా, టీ దగ్గరే ఆగిపోయాం, కాస్త సాయం చేయండి

మల్లెతీగ:

అందరికీ నమస్తే. మేం కొండాపూర్‌లో ఉంటాం. రెండు నెలల కింద మా ఎదురు ఫ్లాట్‌లోకి చైనా నుంచి ఒక జంట వచ్చారు, ఆయనకి ఇక్కడేదో ప్రాజెక్టు, ఆవిడ ఇంట్లోనే ఉంటారు. ఊరు చెంగ్డూ అట. ఇంగ్లీషు చదవడం కొద్దిగా వచ్చు గానీ మాట్లాడాలంటే నోరు రాదు, కూరగాయల కొట్టుకెళ్లినా ఫోన్లో అనువాదం పెట్టి చూపిస్తారు. నేను పెళ్లికి ముందు ఐదేళ్లు స్కూల్లో ఇంగ్లీషు చెప్పాను కదా, రోజూ సాయంత్రం ఓ గంట కూర్చుందామా అని నేనే అడిగా, ఎంత సంతోషపడ్డారో.

ఇంటికొచ్చినవాళ్లని మనం మొదట అడిగేది ఏం తాగుతారనే కాబట్టి తాగేవాటితోనే మొదలుపెట్టా. వాటర్, మిల్క్, జ్యూస్, బటర్‌మిల్క్ అని ఓ 30 మాటలు రాసిస్తే రెండ్రోజుల్లో అన్నీ బట్టీ పట్టేశారు. ఇబ్బందల్లా వాడేటప్పుడే. అల్లం టీ ఇస్తే "వెరీ థిక్" అన్నారు, పాలు ఎక్కువయ్యాయేమో అని మర్నాడు పాలు తగ్గించి ఇచ్చా, ఇంకా థిక్ అన్నారు. "రెడ్ టీ" ఉందా అంటారు, మందు బిళ్ల చూపించి "ఐ ఈట్ మెడిసిన్" అంటారు. మొన్న మా కింద టిఫిన్ సెంటర్లో ఒక్కరే వెళ్లి "ఓపెన్ వాటర్, ప్లీజ్" అని అడిగితే అతను ఫ్రిజ్‌లోంచి చల్లటి బాటిల్ తీసి మూత తిప్పి మరీ చేతికిచ్చాడట. అతని తప్పేం లేదు పాపం. కానీ ఆవిడ ఆ బాటిల్ అట్లాగే పట్టుకుని పైకొచ్చి మా గుమ్మం దగ్గర నిలబడ్డారు, కళ్లల్లో నీళ్లొక్కటే తక్కువ. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. ఈ మాటలన్నీ ఎక్కడ్నుంచి వస్తున్నాయి, నేనెట్లా సరిచేయాలి, చైనీస్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పరూ?

తార్నాక_చదువరి:

అక్కా, నేను ఇక్కడి విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో కొన్నాళ్లు చైనీస్ చదివాను, తెలిసినంత చెప్తా. ఆవిడ నోటికొచ్చింది అనట్లేదు, వాళ్ల మాటని ముక్కకి ముక్క ఇంగ్లీషులో పెడుతున్నారు అంతే. కాచిన నీళ్లని వాళ్లు "ఖాయ్ ష్వేయ్" అంటారు, ష్వేయ్ అంటే నీళ్లు, ఖాయ్ అంటే తెరుచుకోవడం, నీళ్లు మరగడం అనే అర్థం కూడా దానికే ఉంది. అదే ఓపెన్ వాటర్ అయింది. ఆవిడకి కావాల్సింది వేడినీళ్లు.

రెడ్ టీ కూడా అంతే. మనం ఇంగ్లీషులో బ్లాక్ టీ అనేదాన్ని వాళ్లు "హోంగ్ ఛా" అంటారు, హోంగ్ అంటే ఎరుపు. వాళ్లు కప్పులో దిగిన రంగు చూసి పేరు పెట్టారు, ఇంగ్లీషువాళ్లు ఎండిన ఆకు రంగు చూసి పెట్టారు. ఇంగ్లీషులో రెడ్ టీ అంటే చాలామందికి దక్షిణాఫ్రికా రూయిబోస్ గుర్తొస్తుంది, అది అసలు తేయాకే కాదు, కాబట్టి ఇది మాత్రం తప్పకుండా మార్పించు. ఇక థిక్ అంటే పాలు కాదక్కా, డికాషన్ ఘాటు. వాళ్లకి "నోంగ్" అనే ఒక్కమాట చిక్కదనానికీ ఘాటుకీ రెండింటికీ సరిపోతుంది, ఇంగ్లీషులో టీ స్ట్రాంగ్ లేదా వీక్, అంతే. నువ్వు పాలు తగ్గించావు కాబట్టి ఇంకా ఘాటెక్కింది, అందుకే మర్నాడు ఇంకా థిక్ అన్నారు! మనం మాత్రం చిక్కటి టీ, పల్చటి టీ అనమా? మనమూ "టీ పెట్టా", "కాఫీ కలిపా" అంటాం, వాళ్లయితే టీని నానబెడతారు, "ఫావ్ ఛా" అంటారు. ఇంగ్లీషులో బ్రూ, స్టీప్ లాంటివి ఉన్నా, రోజువారీ మాటల్లో అన్నింటికీ మేక్ సరిపోతుంది, మేక్ టీ, మేక్ కాఫీ.

ఇంకో సంగతి చెప్తే ఆవిడ సంబరపడతారు. చాయ్ అనే మాటా టీ అనే మాటా రెండూ వాళ్ల దేశానివే. ఛా అనేది భూమార్గంలో పర్షియా మీదుగా చాయ్ అయి మన దాకా వచ్చింది, ఫూజియన్ తీరంలో "తే" అంటారు, డచ్చివాళ్లు ఓడల్లో దాన్ని యూరప్‌కి తీసుకెళ్తే టీ అయింది. మన తేయాకులో ఉన్న తే కూడా అదే. తేయాకు అని తెలుగులో రాసి చూపించు.

వరంగల్_మెడికో:

నేను ఎంబీబీఎస్ చైనాల చదివిన, ఇప్పుడు ఇక్కడ్నే నల్లకుంటల ఉంటున్న. అక్కా, ముందుగాల ఆమెకు ఆ వేడినీళ్ల మాట నేర్పు, మిగిలినయి తర్వాత చూస్కోవచ్చు. మా హాస్టల్ల ప్రతి ఫ్లోర్ల వేడినీళ్ల నల్లా ఉంటుండె, ఎండాకాలమైనా సరే పొద్దుగాల థర్మాస్ నింపుకోనిదే ఎవ్వరు క్లాస్‌కు రాకపోదురు. మనకు కూలింగ్ వాటర్ ఎట్లనో వాళ్లకు వేడినీళ్లు అట్ల. జలుబైనా, కడుపునొప్పైనా, ఊకె కూసున్నా వేడినీళ్లే. అలవాటు పడ్డ మనిషికి ఫ్రిజ్ బాటిల్ చేతుల వెడితె ఎట్లుంటదో నాకు తెలుసు, నేను ఆడికి పోయిన కొత్తల ఎండకు సచ్చుకుంట చల్లనీళ్లు అడిగితె కాంటీన్ల పొగలు వచ్చే గ్లాస్ ఇచ్చిండ్రు, ఆ దినం ఇల్లు యాదికొచ్చి మస్తు ఏడ్చిన.

ఇంకోటి, మందు మాటలు కూడ చెప్పు, ఆమె తాగకపోయినా సరే, వాళ్లాయన ఆఫీస్ పార్టీలకు పోతడు గదా. వాళ్లకు "జియు" అంటె బీర్ గాని బ్రాందీ గాని అన్నీ జియునే, డిక్షనరీల చూస్తె వైన్ అని ఉంటది. మన దగ్గర వైన్స్ అని బోర్డు పెట్టి లోపల అన్నీ అమ్ముతరు సూడు, అచ్చం గట్లనే. ఈడ అసలు పరేషాన్ "బైజియు"తోని, బై అంటె తెలుపు, మాటకు మాట పెడితె వైట్ వైన్ ఐతది, కాని అది ద్రాక్షది కాదు, జొన్నతోనో వరితోనో కాసే సారా లెక్క, 40 నుంచి 60 శాతం దాంక ఆల్కహాల్ ఉంటది. వైట్ వైన్ అని పోస్తె అవతలోడు గ్లాస్ నిండ తాగితె ఏమైతది చెప్పు. అట్లనే "గాన్ బేయ్" అంటె కప్పు ఎండబెట్టు అని, మొత్తం తాగాలె. ఇంగ్లీషుల చీర్స్ అంటె ఒక్క గుక్క చాలు. ఈ ఫరక్ తప్పకుండ చెప్పు.

"డూ యు డ్రింక్" అని ఎవరన్న అడిగితె టీ గురించి కాదని కూడ చెప్పాలె. మన దగ్గర "మీరు తాగుతరా" అంటె ఎట్లనో అట్ల.

రిటైర్డ్_మాష్టారు:

అమ్మా మల్లెతీగా, 34 ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, చనువు తీసుకుని ఒక మాట చెప్తాను. జాబితా పక్కన పెట్టేయండి. విడిమాట నేర్పితే పిల్లలు కూడా ఇట్లాగే సొంత భాషలోంచి జోడీ వెతుక్కుంటారు, మా పిల్లలు "డ్రింక్ సూప్" అనేవాళ్లు, చైనీస్‌లోనూ సూప్ తాగడమే, గంజి తాగడమే, జబ్బుకి వేసుకునే మందు మాత్రం తినడం. మీరు హ్యావ్ అనే ఒక్క క్రియ చేతికివ్వండి. హ్యావ్ సమ్ టీ, హ్యావ్ సమ్ సూప్, హ్యావ్ ఎ కాఫీ, ఎక్కడా తప్పు పోదు. మందుకి మాత్రం టేక్.

హాట్ వాటర్, బాయిల్డ్ వాటర్, బాయిలింగ్ వాటర్ మూడూ పక్కపక్కన పెట్టి చూపించండి, వంటింట్లోనే, పొయ్యి దగ్గర నిలబెట్టి. గిన్నెలో తెర్లుతున్నవి బాయిలింగ్, కాచి చల్లార్చి కుండలో పోసినవి బాయిల్డ్, తాగే వేడిలో ఉన్నవి హాట్. కప్పు, గ్లాసు తేడా కూడా చేత్తో పట్టించే చెప్పాలి, వాళ్ల "బేయ్" అనే మాటకి కప్పూ గ్లాసూ రెండూ వస్తాయి, ఇంగ్లీషులో టీ కప్పులో, నీళ్లు గ్లాసులో. క్రియకి కాలాన్ని బట్టి రూపం మారడం వాళ్ల భాషలో లేదు, కాబట్టి డ్రింక్, డ్రాంక్, డ్రంక్ దగ్గర తొందరపెట్టకండి. "ఐ హ్యావ్ డ్రంక్ టీ"కీ "ఐ యామ్ డ్రంక్"కీ మధ్య ఎంత దూరం ఉందో ఒక్కసారి చెప్తే మర్చిపోరు.

మన కూల్‌డ్రింక్, వన్ బై టూ ఇక్కడ బతకడానికి కావాలి, తప్పకుండా నేర్పండి. కానీ ఇవి మన దేశపు ఇంగ్లీషు అని చెప్పి నేర్పండి. రేపు అమెరికా వెళ్లి సోడా అడిగితే తీపి కూల్‌డ్రింక్ తెచ్చిస్తారు, ఇక్కడ సోడా అంటే గ్యాసు కొట్టిన నీళ్లు.

వరంగల్_మెడికో:

సార్, అమెరికా సంగతి తర్వాత, ఆమె బతికేది కొండాపూర్ల గదా. "హాట్ వాటర్" తోపాటు "వేడినీళ్లు" అని తెలుగు మాట కూడ నేర్పాలె అంటున్న నేను.

రిటైర్డ్_మాష్టారు:

అది న్యాయమే బాబూ, ఒప్పుకుంటున్నా.

మల్లెతీగ:

అందరికీ చేతులెత్తి దండం. నాలుగు రోజులు మీరు చెప్పినట్టే చేశా. మాష్టారు గారూ, జాబితా చించేశాను, పొయ్యి దగ్గర నిలబెట్టి మూడు నీళ్లూ చూపించా, ఆవిడ ముట్టుకుని మరీ పేర్లు చెప్పారు. తేయాకు సంగతి చెప్పగానే లేచి వాళ్లింట్లోంచి మూత ఉన్న కప్పు తెచ్చారు, చెంగ్డూ టీకొట్లలో అందులోనే ఇస్తారట, పైన మూత, మధ్యలో గిన్నె, కింద సాసరు. లిడ్, బౌల్, సాసర్ అని ఆ ఒక్కదాంతోనే మూడు మాటలు వచ్చేశాయి, నేను చెప్పేలోపే ఆవిడే పదిసార్లు అనుకున్నారు.

నిన్న ఇద్దరం చార్మినార్ వెళ్లి ఇరానీ చాయ్ తాగాం. ఆవిడే కౌంటర్ దగ్గరికెళ్లి "టూ టీస్, అండ్ హాట్ వాటర్ ప్లీజ్, వేడినీళ్లు" అన్నారు, నేను వెనక నిలబడ్డా, ఒక్క మాట అందించలేదు. అతను వెంటనే గ్లాసులో పొగలు కక్కే నీళ్లు పెట్టాడు. చాయ్ తాగి "స్ట్రాంగ్, స్వీట్, గుడ్" అన్నారు. పక్క టేబుల్ పెద్దాయన చాయ్ సాసర్లో ఒంపుకుని ఊదుకుంటూ జుర్రుతుంటే కన్నార్పకుండా చూసి, దాన్ని ఇంగ్లీషులో ఏమంటారని అడిగారు. నాకు తోచలేదు. మాష్టారూ, దానికేమైనా మాట ఉందా?

రిటైర్డ్_మాష్టారు:

ఒక్క మాటలో వద్దమ్మా, "హీ ఈజ్ డ్రింకింగ్ హిజ్ టీ ఫ్రమ్ ద సాసర్" అని చెప్పించండి. జుర్రడం వరకైతే స్లర్ప్.