60 వాట్ల ఆంప్ (యాంప్లిఫయర్) టక్కున ఆగిపోతోంది, 500 వాట్లకి వెళ్లాలా?

ఎంవీపీ_డబుల్‌రోడ్
నా దగ్గర మ్యాగ్నెపాన్ ఎల్‌ఆర్‌ఎస్ జత ఉంది. తలుపు రెక్కల్లా పల్చగా నిలబడే ప్లేనార్ స్పీకర్లు. కంపెనీ చెప్పేది 4 ఓమ్‌లు (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు), 2.83 వోల్టులకి మీటరు దూరంలో 86 డీబీ (డెసిబెల్స్, అంటే శబ్దం కొలత). గది 11 బై 14 అడుగులు, కూర్చునేది దాదాపు 3 మీటర్ల దూరంలో. ఆంప్ 8 ఓమ్‌ల దగ్గర 60 వాట్ల ఇంటిగ్రేటెడ్.

సినిమా పాటలకి ఇబ్బంది లేదు. కచేరీ పెట్టి తని ఆవర్తనం దాకా వచ్చేసరికి, మృదంగం గట్టిగా పడగానే లోపల రిలే (స్పీకర్‌ని కలిపి, విడదీసే స్విచ్) టక్ అంటుంది. అంతే, నిశ్శబ్దం. రెండు సెకన్లకి మళ్లీ వస్తుంది. ఈలోగా మా నాన్నగారి చెయ్యి తొడ మీద తాళం వేస్తూనే ఉంటుంది, పాట ఎక్కడ అందుకుంటుందో తెలీక నా వైపు చూస్తారు. 500 వాట్లు కొనమని ఒకరు, దండగ అని ఇంకొకరు. ఏం చేయమంటారు?

కూర్మన్నపాలెం_వోల్టు
వాట్లు తర్వాత. ముందు ఆంప్ వెనక్కి తిప్పండి. స్పీకర్ వైర్లు బిగించే చోట ఏం రాసి ఉంది?

ఎంవీపీ_డబుల్‌రోడ్
6 నుంచి 16 ఓమ్‌లు అని ఉందండీ.

కూర్మన్నపాలెం_వోల్టు
అదీ సంగతి. అదే వోల్టేజి దగ్గర 4 ఓమ్‌ల స్పీకర్ 8 ఓమ్‌ల దానికంటే రెట్టింపు కరెంటు లాగుతుంది. అంత కరెంటు ఇవ్వడానికి ట్రాన్స్‌ఫార్మర్‌కీ, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకీ సత్తా ఉండాలి. లేకపోతే లోపలి ప్రొటెక్షన్ సర్క్యూట్ సౌండు కట్ చేసేస్తుంది. మీ ఆంప్ పాడవలేదు, తనని తాను కాపాడుకుంటోంది.

కొనేటప్పుడు 8 ఓమ్‌ల అంకె ఒక్కటే చూడకండి, పక్కనే 4 ఓమ్‌ల అంకె చూడండి. రెట్టింపుకి ఎంత దగ్గరగా ఉంటే అంత నయం. క్రౌన్ ఎక్స్‌ఎల్‌ఎస్ 1502 తీసుకోండి: 8 ఓమ్‌లకి చానెల్‌కి 300, 4 ఓమ్‌లకి 525. క్లాస్ డీ అనే స్విచ్చింగ్ రకం కాబట్టి కరెంటు బిల్లూ, వేడీ తక్కువే. కొన్ని రిసీవర్ల వెనక 4 ఓమ్‌ల స్విచ్ ఉంటుంది, దాన్ని నమ్ముకోకండి. చాలావాటిలో అది లోపలి వోల్టేజిని తగ్గించి వేడి తగ్గించడానికే. పవర్ ఇంకా పడిపోతుంది.

రాత్రి_శ్రోత
మళ్లీ మొదలైంది. ఎవరొచ్చి ఏం అడిగినా ఇక్కడ జవాబు ఒక్కటే, పెద్ద ఆంప్ కొను. 1 వాట్‌కి 86 డీబీ వస్తోంది కదా. ఇంట్లో మనిషి వినేదే అంత. మిగతా 499 వాట్లు షోకేసులో పెట్టుకోడానికా?

కూర్మన్నపాలెం_వోల్టు
1 వాట్ కాదు. 2.83 వోల్టుల వర్గం 8. దాన్ని 4 ఓమ్‌లతో భాగించండి. 2 వాట్లు. 1 వాట్ లెక్కన ఇవి 83 డీబీ స్పీకర్లు.

రాత్రి_శ్రోత
1 అయితే ఏంటి, 2 అయితే ఏంటి? నేను చెప్పింది 500 అక్కర్లేదని.

కూర్మన్నపాలెం_వోల్టు
3 డీబీ తేడా అంటే ఆంప్ సగానికి సగం తేడా. లెక్క మొదట్లోనే తప్పితే చివర్న ఎక్కడ తేలుతుంది?

రాత్రి_శ్రోత
3 డీబీ తేడా వాల్యూమ్ నాబ్ మీద గోరంత. కళ్లు మూసుకుని చెప్పండి చూద్దాం.

జగదాంబ_జంక్షన్
ఏటండీ ఇది, 1 వాటా 2 వాట్లా అని పొద్దుట్నుంచీ.

లాసన్స్‌బే_తుప్పు
మధ్యలో నా గోడు. మా బాల్కనీ వైపు స్పీకర్ వైరు చివర ఏడాదిలో పచ్చగా పట్టేసింది. ఉప్పు గాలి. సౌండు వస్తూ పోతూ ఉంటే నేనూ ఆంప్‌దే తప్పనుకున్నా. సముద్రం దగ్గరున్నవాళ్లు చివర కత్తిరించి, కొత్త రాగి తేల్చి బిగించి చూడండి. రూపాయి ఖర్చు లేదు.

ఎంవీపీ_డబుల్‌రోడ్
చూశానండీ, వైరు శుభ్రంగానే ఉంది. చిన్న ఆంప్ గట్టిగా పెడితే ట్వీటర్ (స్పీకర్‌లో సన్నని, హై ఫ్రీక్వెన్సీ శబ్దాలు పలికే భాగం) కాలిపోతుందంటారు, నిజమేనా?

కూర్మన్నపాలెం_వోల్టు
అవకాశం ఉంది. ఆంప్ చేతకాని చోటికి వెళ్తే అల తల తెగి చదునవుతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. పెద్ద దెబ్బలు అక్కడే ఆగిపోతాయి కానీ, వాల్యూమ్ పెంచుతూ పోతే చిన్న శబ్దాలు పైకి వస్తూనే ఉంటాయి. సగటు పవర్ పెరిగిపోతుంది. దానికి తోడు కొత్తగా పుట్టిన హై ఫ్రీక్వెన్సీలు. రెండూ కలిసి ట్వీటర్ని వేడెక్కిస్తాయి.

రాత్రి_శ్రోత
పెద్ద ఆంప్‌తో కాలవా? బోల్డు కాలాయి. అది చెప్పరేం?

నా అనుభవం చెప్తా. రెండేళ్ల క్రితం ఇలాంటి చర్చే చదివి, సెకండ్‌హ్యాండ్‌లో 19 వేలు పోసి 500 వాట్ల స్టేజి ఆంప్ తెచ్చా. పవర్‌కి ఢోకా లేదు. కానీ వీణ ఆలాపన మధ్యలో సుయ్‌మని ఫ్యాన్. గమకం సన్నబడి ఆగిపోయే చోట సరిగ్గా అదే వినిపిస్తుంది. పైగా హమ్, ఆగకుండా గుయ్‌మనే మోత. అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇప్పుడది మంచం కింద ఉంది, పైన పాత బొంత. సలహా ఇచ్చినవాళ్లు ఎవరైనా 19 వేలు తిరిగి ఇస్తారా?

కూర్మన్నపాలెం_వోల్టు
హమ్ మీ ఎర్తింగ్‌ది అయ్యుంటుంది, లేదా కేబుళ్లది. చూపించుకోకుండా వాట్లని తిడితే ఎలా? 31 ఏళ్లు ఎలక్ట్రికల్‌లో పనిచేశాను, చెవులతో కరెంటు కొలిచేవాళ్లని అక్కడ ఎవరినీ చూడలేదు.

రాత్రి_శ్రోత
మీకేం మాస్టారూ, ఇండిపెండెంట్ ఇల్లు, చుట్టూ కొబ్బరి చెట్లు. మీరు పెట్టే సౌండుకి కాకులే లేచిపోవాలి. నాది కంచరపాలెంలో రెండు గదుల ఇల్లు. గోడ అవతల మా అమ్మ మంచం మీద ఉంది, ఏడాదిగా. డ్యూటీ నుంచి వచ్చి, ఆవిడ మందులు అయ్యాక, నాకు దొరికేది రాత్రి పదిన్నర నుంచి ఒక గంట. ఆ గంటలో నాకు 500 వాట్లు ఏం చేసుకోను? ప్రతివాడికీ ఒకటే మందు రాయకండి.

జగదాంబ_జంక్షన్
...

కూర్మన్నపాలెం_వోల్టు
అది ముందు చెప్పొచ్చు కదా బాబూ. కాకుల మాట అలా ఉంచండి. మీరు వినేటప్పుడు ఫోన్ యాప్‌లో ఎంత చూపిస్తుంది?

రాత్రి_శ్రోత
65. ఎప్పుడైనా 70.

కూర్మన్నపాలెం_వోల్టు
డబుల్‌రోడ్ గారూ, మీది?

ఎంవీపీ_డబుల్‌రోడ్
నాన్నగారు ఉంటే 80 దగ్గర. ఆయనకి చెవులు కొంచెం మందం.

కూర్మన్నపాలెం_వోల్టు
ఇద్దరికీ ఇవే స్పీకర్లు, ఇదే గది అనుకుందాం. మీటరు దగ్గర 86. 3 మీటర్లకి వెళ్తే 9 డీబీ పైన పోతుంది. రెండో స్పీకర్, గది గోడలు కలిసి ఓ 6 వెనక్కి ఇస్తాయి. అంటే చెరో 2 వాట్లకి కుర్చీ దగ్గర సుమారు 83.

సగటు మీద మృదంగం దెబ్బ 20 డీబీ లేస్తుందని ఉంచండి. సగటు 70 అయితే దెబ్బ 90. 83కి 7 ఎక్కువ, అంటే 5 రెట్లు, 10 వాట్లు. సగటు 80 అయితే దెబ్బ 100. 17 ఎక్కువ, 50 రెట్లు, 100 వాట్లు. 85 దగ్గర వినే నాలాంటి మొండివాడికి 300 పైమాటే. సగటు 10 డీబీ పెరిగిన ప్రతిసారీ పవర్ పదింతలు. మనం పొద్దుట్నుంచీ కొట్టుకున్నది వాట్ల గురించి కాదు, ఎవరు ఎంత గట్టిగా వింటారన్న దాని గురించి.

రాత్రి_శ్రోత
అంటే నేను చెప్పింది తప్పు కాదు.

కూర్మన్నపాలెం_వోల్టు
మీ ఇంటికి తప్పు కాదు. డబుల్‌రోడ్ గారికి చెప్పడం తప్పు. ఆయనకి 4 ఓమ్‌ల దగ్గర నికరంగా 200 ఇచ్చేది ఏదైనా చాలు, 500 లేకపోయినా నష్టం లేదు. మీ 1 వాట్ మాత్రం ఇప్పటికీ 2 వాట్లే.

రాత్రి_శ్రోత
సరే, 2.

ఎంవీపీ_డబుల్‌రోడ్
రాత్రి_శ్రోత గారూ, ఒక మాట. మంచం కింద ఉన్నది అమ్ముతారా? మా నాన్నగారికి ఫ్యాన్ చప్పుడు ఎలాగూ వినపడదు.

రాత్రి_శ్రోత
ఆదివారం పగలు రండి, మీ స్పీకర్ ఒకటి కారులో వేసుకుని. హమ్ మీ చెవులతో వినే తీసుకోండి, తర్వాత ఫోన్ ఎత్తలేదనొద్దు. 15 ఇవ్వండి.

జగదాంబ_జంక్షన్
12.