చెక్‌డ్యాం పునాదిలో ఒకవైపు రాయి తగల్లేదు, కాంక్రీటు పోయనివ్వాలా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో చిన్న పల్లె. ఊరి వంకకు అడ్డంగా చెక్‌డ్యాం కడుతున్నారు. వాటర్‌షెడ్ కమిటీ తరఫున దగ్గరుండి చూసుకునే పని నామీద పడింది. నేను వేరుశనగ రైతును, ఇంజనీరును కాదు.

కటాఫ్ గోడకు, అంటే నీళ్లు అడుగునుంచి జారిపోకుండా నేలలోకి దించే గోడకు, ఐదడుగులు తవ్వాం. ఎడమ గట్టు వైపు గునపం వేస్తే ఖంగుమంది, మొన్న అక్కడ కాంక్రీటు పోసేశాం. కుడివైపు మాత్రం ఇంకా గరుసే. నిన్న ఆ గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోస్తే టీ తాగొచ్చేలోపు ఇంకిపోయాయి. మేస్త్రీ "ఏం కాదులేన్నా, పోసేద్దాం" అంటున్నాడు. పక్క ఊళ్లో ఇలాగే కట్టారు. గోడ నిక్షేపంగా ఉంది, నీళ్లే నిలవవు, అడుగునుంచి జారుకుంటాయి.

రాయి తగిలేదాకా తవ్వాల్సిందేనా? లేక ఇంకో రెండడుగులు దిగి, ఎగువ వైపు బంకమట్టి దిమ్మిసతో దట్టిస్తే సరిపోతుందా? గోడను గట్టులోకి ఎంత దూరం చొప్పించాలి?

ఇంకోటి. ఎస్టిమేట్‌లో కాంక్రీటు గ్రేడు ఎం20 అని ఉంది, అంటే సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో. 50 కిలోల బస్తాకు 25 లీటర్ల నీళ్లు, మహా అయితే ఇంకాస్త చాలంటారు. మావాళ్లు కాంక్రీటు కలిపే మిల్లర్లోకి పైపు వదిలేస్తారు, మాలు చారులా పారుతోంది. కాంక్రీటు దిమ్మను నొక్కి బలం చూసే క్యూబు పరీక్ష 28 రోజులకు గానీ తేలదు. పోసేటప్పుడే పట్టుకునే ఉపాయం ఏదైనా ఉందా?

సోమవారం పోత పెట్టుకున్నారు. ఇంజనీరు గారు ఫోనెత్తడం లేదు. ఇలాంటి పని చేయించినవాళ్లు కాస్త చెప్పండి, గుంత ఫొటోలు కావాలంటే పెడతాను.