అమ్మానాన్నలకు అమెరికా విజిటర్ వీసా: ఈ మధ్య వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

తెనాలి అబ్బాయి
అందరికీ నమస్కారం. నేను డాలస్‌లో హెచ్1బీ మీద ఉన్నాను. అమ్మానాన్న తెనాలిలో ఉంటారు. నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, పెన్షన్ వస్తోంది. అమ్మ తిరుపతి, కాశీ తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. వచ్చే వేసవికి ఇద్దరినీ ఇక్కడికి రప్పిద్దామని బీ1/బీ2 విజిటర్ వీసాకి అప్లై చేస్తున్నాను.

రెండు విషయాల్లో టెన్షన్‌గా ఉంది. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పేరంతా గివెన్ నేమ్‌లోనే పడింది. రెండోది, అమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు. పైగా ఫ్రెండ్ ఒకడు పొలం వాల్యుయేషన్, సీఏ సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ కలిపి లావుపాటి ఫైలు చేయించమంటున్నాడు. నిజంగా అంత కావాలా?

ఓరుగల్లు కోడలు
ఇంటిపేరు గురించి భయపడకండి. మా అత్తమ్మది అచ్చం ఇదే కేసు. వీసా అప్లికేషన్ ఫారం డీఎస్-160లో సర్‌నేమ్ గడిలో పాస్‌పోర్టులో ఉన్న పేరంతా రాసేయాలి. గివెన్ నేమ్ గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని మూడక్షరాలు కొట్టాలి. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని దానర్థం. వీసా మీద కూడా అలాగే అచ్చవుతుంది. తప్పేమో అని కంగారుపడకండి.

తమాషా ఏంటంటే, న్యూజెర్సీలో అత్తమ్మకి జ్వరం వచ్చి క్లినిక్‌కి తీసుకెళ్తే నర్సు బయటికొచ్చి "ఫ్నూ! ఫ్నూ!" అని పిలిచింది. ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఇద్దరం పది నిమిషాలు కూర్చున్నాం. టైముంటే మాత్రం ముందు పాస్‌పోర్టు రీఇష్యూ చేయించి ఇంటిపేరు విడిగా వేయించుకోండి. టికెట్ దగ్గర్నుంచి ఇన్సూరెన్స్ దాకా అన్నిచోట్లా ఒకే పేరుంటే ఆ సుఖమే వేరు.

నానక్‌రామ్‌గూడ క్యూ
నాలుగు నెలల కింద మా అమ్మానాన్నలది అయ్యింది. వరసగా చెప్తాను.

ఫారం నింపాక ఒక్కొక్కరికి 185 డాలర్లు, మన రూపాయల్లో కట్టాలి. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. తర్వాత రెండు స్లాట్లు. మొదటిది వేలిముద్రలు, ఫొటో. అది హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోనే, కింది కాన్‌కోర్స్‌లో ఉంది. రెండోది నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. ఎవరైనా పెద్దవాళ్లు బేగంపేట పైగా ప్యాలెస్ అని అడ్రస్ చెబితే వినొద్దు. 2023 మార్చిలోనే అక్కణ్నుంచి మారిపోయారు. మా నాన్న ఎక్కిన ఆటో బేగంపేట ఫ్లైఓవర్ దాకా వెళ్లి వెనక్కి తిరిగింది!

ఫోను లోపలికి రానివ్వరు, స్మార్ట్ వాచీ కూడా అంతే. తోడు వెళ్లినవాళ్ల దగ్గర ఇచ్చేసి వెళ్లడం మంచిది. ఫారంలో పెట్టే ఫొటోకి కళ్లజోడు తీసేయాలి. ఆ రూలు 2016 నుంచీ ఉన్నా మా పక్కింటాయన కళ్లజోడుతోనే దిగి మళ్లీ స్టూడియోకి పరిగెత్తాడు.

ఇక ఇంటర్వ్యూ. అమ్మ తెలుగులో మాట్లాడతానంది, తెలుగులోనే అడిగారు. ఎవరి దగ్గరికి వెళ్తున్నారు? అబ్బాయి ఏం చేస్తాడు? ఎన్నాళ్లుంటారు? ఇక్కడ ఇంకెవరున్నారు? "మా పెద్దమ్మాయి నిజామాబాద్‌లో ఉంటది, రెండు గేదెలున్నయి, వాటిని ఆమెకు అప్పజెప్పి వెళ్తున్న, మూడు నెలల్ల వచ్చేస్త" అంది అమ్మ. ఆఫీసరు నవ్వి అప్రూవ్డ్ అన్నాడట. మొత్తం రెండు నిమిషాలు. నాన్న రెండ్రోజులు కూర్చుని సర్దిన ఫైలు ఎవరూ తెరవలేదు. దానికి ఆయన ఇంకా అలిగే ఉన్నాడు.

కడప కారం
ఫైలు అక్కర్లేదని అందరూ తేలిగ్గా చెప్పేస్తున్నారు. నేనొప్పుకోను. మా మామగారిని పెన్షన్ కాగితం చూపించమన్నారు, మా బామ్మర్ది పే స్లిప్పులు కూడా అడిగారు. చాలామందిని అడగరు, అది నిజమే. అడిగినప్పుడు లేకపోతే మాత్రం ఇబ్బంది. పల్చటి ఫైలు ఒకటి పెట్టండి: పెన్షన్ పేపరు, పట్టాదారు పాస్‌బుక్, మీ 797 (హెచ్1బీ అప్రూవల్ నోటీసు), మూడు నెలల పే స్లిప్పులు. చాలు. ఇన్విటేషన్ లెటర్ రూలు ప్రకారం తప్పనిసరి కాదు.

ఇంకొకటి. ఇంటర్వ్యూకి వారం ముందు అప్పు తెచ్చి నాన్న అకౌంట్లో పది లక్షలు వేసే పని పెట్టుకోవద్దు. ఆ డబ్బెక్కడిదని అడిగితే ఆయన తడబడతాడు.

గోదారి గట్టు
మా అమ్మకి మొదటిసారి రిజెక్ట్ అయింది. ఎందుకో చెప్తే మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఫారం మా ఊళ్లో ఒక కన్సల్టెన్సీ వాళ్ల చేత నింపించాం. వాళ్లు అందరికీ కొట్టినట్టే "రెండు వారాలు, టూరిజం" అని కొట్టేశారు. అమ్మకేమో ఆ సంగతే తెలీదు. కౌంటర్ దగ్గర అడిగితే "మా కోడలికి నెలలు నిండాయండి, ఆర్నెల్లుండి పిల్లాణ్ని చూసుకుంటాను" అని ఉన్న మాట చెప్పింది. ఫారంలో ఒకటి, నోట్లో ఒకటి. పైగా పిల్లాణ్ని చూసుకోవడమంటే ఆయా పనికి వెళ్తున్నట్టు వినబడుతుంది. 214(బి) కాగితం, అంటే వీసా ఇవ్వలేమనే కాగితం, చేతిలో పెట్టి పంపేశారు. దాని మీద అప్పీలు ఉండదు. మళ్లీ డబ్బు కట్టి మొదట్నుంచి చేసుకోవాల్సిందే.

రెండోసారి నేనే నింపాను. ముందు రిజెక్ట్ అయ్యిందా అంటే అవును అని పెట్టాను. అక్కడ అబద్ధం చెప్తే వాళ్ల సిస్టంలో ఎలాగూ కనబడుతుంది. ఫారం ఎవరు నింపారని కూడా అడుగుతుంది, అక్కడ నా పేరే ఇచ్చాను. ఎన్నాళ్లు అన్నచోట నిజంగా ఎన్నాళ్లో అదే, నాలుగు నెలలు. నింపాక ప్రింటు తీసి, ఒక్కో ప్రశ్న తెలుగులో చదివి అమ్మకి వినిపించాను. "మనవణ్ని చూడ్డానికి వెళ్తున్నాను" అంది ఈసారి. చూసుకోడానికి కాదు, చూడ్డానికి. నిజానికి పురుడు అప్పటికే అయిపోయింది, ఆ పనులన్నీ వియ్యపురాలే చేసింది. వీసా వచ్చింది.

తెనాలి అబ్బాయి
గోదారి గట్టు గారూ, ఇది చదివాక మా ఫారం మళ్లీ తెరిచి చూశాను. నాన్నది రెండు నెలలని, అమ్మది ఆరు నెలలని పెట్టి ఉంది! వేర్వేరు రోజుల్లో నింపాను, అదే పొరపాటు. చాలా థ్యాంక్స్ అండీ.

మా తాతయ్య కూడా వస్తానంటున్నారు, 82 ఏళ్లు. ఆ వయసువాళ్లకి ఇంటర్వ్యూ ఉండదని విన్నాను, నిజమేనా?

నానక్‌రామ్‌గూడ క్యూ
ఒకప్పటి మాట అన్నా. 79 దాటినవాళ్లకీ, 14 లోపు పిల్లలకీ ఉన్న ఆ వెసులుబాటు 2025 సెప్టెంబర్‌లో తీసేశారు. ఇప్పుడు తాతయ్యనీ తీసుకెళ్లాల్సిందే. బీ1/బీ2 ముందే ఉండి, అది ముగిసి ఏడాది దాటకుండా రెన్యూవల్ చేసుకునేవాళ్లకి మాత్రం ఇంటర్వ్యూ లేకుండా అయ్యే వీలు ఇంకా ఉంది. అదీ ఖాయం కాదు, వాళ్లు రమ్మంటే వెళ్లాలి.

అట్లాంటా అమ్మమ్మ
బాబూ, నాకు 67. ఇప్పటికి మూడుసార్లు వచ్చి వెళ్లాను. వీసా వచ్చాక కథ అయిపోయిందనుకుంటారు, సగమే అయింది.

వీసా మీద పదేళ్లని ఉంటుంది. అది తలుపు తట్టడానికే. లోపల ఎన్నాళ్లుండాలో దిగిన ఎయిర్‌పోర్టులో ఆఫీసరు చెప్తాడు. ఆ తేదీ ఉండే రికార్డునే ఐ-94 అంటారు. మామూలుగా ఆర్నెల్లిస్తారు. ఇప్పుడు కాగితం ఇవ్వడం లేదు, పాస్‌పోర్టులో స్టాంపు కూడా ఒక్కోసారి వేయరు. ఇంటికెళ్లగానే పిల్లల్ని కూర్చోబెట్టి ఆన్‌లైన్‌లో తీయించి, ఆ తేదీ క్యాలెండర్ మీద రాయించండి. రెండోసారి వచ్చినప్పుడు నా పాస్‌పోర్టుకి నాలుగు నెలలే గడువుందట, నేను గమనించలేదు. ఐ-94 కూడా ఆ రోజు దాకే ఇచ్చారు. మా అమ్మాయి చూసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆర్నెల్లని దర్జాగా కూర్చునేదాన్ని.

ఆ తేదీ ఒక్క రోజు దాటినా పదేళ్ల వీసా రద్దయినట్టే. 180 రోజులు దాటి ఉండిపోయి వెళ్తే మూడేళ్లు మళ్లీ రానివ్వరు, ఏడాది దాటితే పదేళ్లు. ఇంకొన్నాళ్లు ఉండాల్సొస్తే తేదీ రాకముందే గడువు పొడిగించమని ఐ-539 ఫారం వేయాలి.

ఇంకో సంగతి, వీల్‌చెయిర్ పెట్టించండి. కాళ్లు బాగానే ఉన్నాయి కదా అని మొహమాటపడొద్దు. నాకు కాళ్లు బాగానే ఉన్నాయి, భాషే రాదు! తోసే అబ్బాయి గేటు దాకా దిగబెడతాడు.

ఓరుగల్లు కోడలు
అమ్మమ్మ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. ఒక్కటి కలుపుతాను. అబుదాబి మీదుగా వస్తే అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ అక్కడే అయిపోతాయి. ఇక్కడ దిగాక లోకల్ ఫ్లైట్‌లో వచ్చినట్టే బయటికి నడిచి రావడమే. అక్కడ కనెక్షన్‌కి మాత్రం కనీసం మూడు నాలుగు గంటలుండేలా చూసుకోండి, లైన్ పెద్దగా ఉంటుంది.

బెజవాడ బ్యాగులు
అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. సామాను.

ఆవకాయ, గోంగూర, కారప్పొడులు తేవచ్చు. రెండు కవర్లలో సీలు వేయించి తెండి. కరివేపాకు మాత్రం పచ్చిదీ ఎండుదీ రెండూ తేవద్దు. నిమ్మజాతి చెట్లకి వచ్చే తెగులు దాంతో పాటు వస్తుందని వాళ్ల భయం. పచ్చి పళ్లు, విత్తనాలు, మాంసం పచ్చళ్లు కూడా వద్దు. రొయ్యల పచ్చడి సంగతి నన్నడగొద్దు, మా ఇంట్లో దాని మీద ఇప్పటికే ఒక గొడవ అయింది.

అన్నిటికంటే ముఖ్యం, తిండి ఏమైనా ఉందా అని అడిగితే ఉందని చెప్పాలి. చెప్పాక వద్దనుకుంటే తీసేస్తారు, అంతే. లేదని చెప్పి దొరికితే మొదటిసారికే 1,000 డాలర్ల దాకా ఫైను పడొచ్చు. మా పిన్ని భయంతో "నో, నో" అనేసింది, బ్యాగు తెరిస్తే అడుగున న్యూస్‌పేపర్లో చుట్టిన కరివేపాకు రెమ్మలు. గంటన్నర కూర్చోబెట్టారు. పెద్దావిడని వార్నింగ్‌తో వదిలేశారు.

గల్ఫ్ మీదుగా వచ్చేవాళ్లు గసగసాలు అస్సలు పెట్టొద్దు. మనకది మసాలా దినుసు. దుబాయ్, అబుదాబిల్లో మత్తుమందు కిందే లెక్క, జైలు దాకా వెళ్తుంది.

కడప కారం
బీపీ, షుగరు మాత్రలు స్ట్రిప్పుల్లోనే ఉంచి, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టండి. డబ్బాల్లో విడిమాత్రలు పోసి తేవద్దు. ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి. అయితే ముందే ఉన్న జబ్బులకి చాలా పాలసీల్లో కవరేజీ ఉండదు, ఆ పేజీ చదివి తీసుకోండి.

తెనాలి అబ్బాయి
అప్‌డేట్ ఇద్దామని వచ్చాను. నిన్న ముగ్గురిదీ అయిపోయింది.

ఒకే కౌంటర్ దగ్గరికి పిలిచారట. తాతయ్యని "అక్కడ ఏం చేస్తారు?" అని అడిగితే "మనవడి వంట తింటాను, బాగోకపోతే తిరిగొచ్చేస్తాను" అన్నారట. అమ్మని ఎన్నాళ్లన్నారు, మూడు నెలలంది. నాన్నని అడిగినా మూడు నెలలే. ఫారంలో కూడా ఇప్పుడు మూడే ఉంది. ఫైలు అడగలేదు గానీ, నాన్న పెన్షన్ ఎంత వస్తుందని నోటితోనే అడిగారు. ముగ్గురికీ ఓకే.

టికెట్లు అబుదాబి మీదుగా తీశాను, మధ్యలో నాలుగు గంటలు. ఇందాక వీడియో కాల్‌లో సర్దిన బ్యాగు విప్పించాను. చీరల మధ్యలో అరకేజీ గసగసాల పొట్లం బయటపడింది.